ఇంటికన్నా పెద్ద తలుపు

చిరంజీవి మనవరాలికి నాయనమ్మ దీవెనలు. ఇక్కడ అంతా కులాసా. మీ నాన్న నారు పోసి, వాన రాలేదని ఆకాశాన్ని తిడుతున్నాడు. అంటే వాడూ కులాసాయే.

ముందు నీ తప్పు దిద్దాలి. వీధి ఇళ్ల చరిత్ర రాస్తూ మన వీధితలుపు “పూర్వీకుల వైభవానికి గుర్తు” అన్నావు. వైభవం కాదే తల్లీ, వాటాల తగువు. మీ ముత్తాత, ఆయన అన్నలిద్దరూ పొలంతోపాటు ఇంటినీ విప్పి పంచుకున్నారు. పెద్దాయనకు దూలాలు, నడిపాయనకు స్తంభాలు, కడగొట్టువాడైన మీ ముత్తాతకు తలుపు. ఆయనకు మిగిలిన ధాన్యపు కొట్టానికి అది పట్టలేదు. వడ్రంగి తలుపు కోద్దామన్నాడు. ఈయన కప్పు లేపించాడు. మనిల్లు అంత ఎత్తుండటం అందుకే. వైభవమట!

ఇక నువ్వడిగిన సంగతి. పెద్దాయన మునిమనవడు, నీకు అన్న వరస, పొలంలో ఇల్లు కడుతున్న మాట నిజమే. దూలాలు వాడి దగ్గరే ఉన్నాయి. నడిపాయనవాళ్లు పాతిల్లు పడగొడితే స్తంభాలూ తెచ్చుకున్నాడు. మొన్న మనింటికొచ్చి చతికిలబడ్డాడు.

“తలుపు లేకపోతే అది ఇల్లెలా అవుతుంది నాయనమ్మా?”

“ఇల్లు లేని తలుపుతో మేం బతకలేదట్రా?”

వాడు తల గోక్కున్నాడు. “మా తాతయ్య పోయేదాకా ఆ దూలాలు చూపించి, వీటికో తలుపుండేదిరా అనేవాడు.”

ఆ తలుపు నీదేనని నీ చిన్నప్పటినుంచీ చెప్పింది నేనే. “ఎవరికీ ఇవ్వకు” అని నువ్వు రాసిందీ చదివాను. అయినా ఇస్తానన్నాను. విడిపోయిన ఇల్లు మళ్లీ కలుస్తుందన్న సంతోషం సగం. మిగతా సగం ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏడాదిగా ఆ తలుపు నా చేతులకు కదలడం లేదు. అందరూ పొలం వెళ్లాక ఎవరైనా తడితే, పెరటి దారిన చుట్టూ తిరిగి వస్తున్నాను. ఎవరో చెప్పగా మీ అమ్మ అడిగితే ఎండ కోసమంటాను. కొత్తకోడలిగా ఒంటిచేత్తో నెట్టిన తలుపది. దానికి చేతులానించి నిలబడి “ఉండండి, వస్తున్నా” అని కేకేయడం ఎంత నామోషీయో నీకు చెప్పక ఎవరికి చెప్పను? అలిగితే అలుగు. కానీ ఉత్తరం మానకు.

ఈలోగా ఒక పని చేసిపెట్టు. మీ దగ్గర తలుపులమ్మే కొట్టుకు వెళ్లి తేలికపాటిది ఒకటి చూడు. గొళ్లెం నా భుజం ఎత్తులో ఉండాలి. నా తల నీ చెవి దాకా వస్తుంది, దాన్నిబట్టి లెక్కేసుకో. తోసేటప్పుడు నీ బలమంతా చూపించకు. చిటికెనవేలితో తోసి చూడు. తెరుచుకుంటే అదే ఖాయం చెయ్యి. రంగు ఏదైనా ఫరవాలేదు, పువ్వులు మాత్రం వద్దు.

ఇట్లు,
నీ జవాబుకు కాస్త భయపడుతున్న
నాయనమ్మ