గుమ్మడి మొలకల దగ్గర ఉండిపోయిన వారం

ఢిల్లీ,
మంగళవారం.

నాయనకు, నీ కూతురు నాగరత్న దండం పెట్టి రాస్తున్న జాబు.

నాకిక్కడ ఒంట్లో బాగానే ఉంది. నువ్వు, అమ్మ, తమ్ముడు బాగున్నారా? ధర్మవరం డాక్టరు ఇచ్చిన మాత్రలు అమ్మ మానకుండా మింగుతోందా? నీ కళ్లకు ఇబ్బంది లేకుండా అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఈ జాబు తమ్ముడితో చదివించుకోవద్దు. నిదానంగానైనా నువ్వే చదువు.

ఇక్కడ చలి బాగా ముదిరింది. పొద్దున పది దాటినా పొగమంచు విడవదు. హాస్టల్లో రెండు పూటలా రొట్టెలే. అలవాటైపోయింది, నా తిండి గురించి దిగులు పెట్టుకోవద్దు. అమ్మ కుట్టిచ్చిన బొంత కప్పుకుంటున్నాను. ఆదివారాలు మాత్రం గడవవు. ఆ రోజు తెలుగు మాట చెవిన పడదు.

నా పని ఏమిటని ఎన్నోసార్లు అడిగావు. ఎప్పుడూ సరిగా చెప్పలేదు. చెనిక్కాయ మొలిచినప్పుడు పప్పు రెండు బద్దలుగా విడిపోయి పైకి వస్తుంది కదా. ఆ బద్దల్లోని నూనె చక్కెరగా మారి మొలకకు తిండి అవుతుంది. గుమ్మడి మొలకలోనూ అంతే. నూనె అయిపోయాక ఆ రెండు బద్దలూ ఆకుల్లా పచ్చబడి కొన్నాళ్లు బతుకుతాయి. పైన కొత్త ఆకులు ఎదిగేకొద్దీ ఇవి పసుపెక్కి రాలిపోతాయి. అలా పసుపెక్కేటప్పుడు, గింజలో నూనెను కరిగించిన పనే మళ్లీ మొదలవుతుంది. ఈసారి కరిగేది ఆకు సొంత ఒంట్లోని కొవ్వు. అప్పుడు పైనున్న చిగురును తుంచేస్తే, పసుపెక్కిన ఆకు మళ్లీ పచ్చబడుతుంది. కొవ్వు కరగడం ఆగిపోతుంది. ఏ రోజు వరకు తుంచితే ఆకు తిరిగి కోలుకుంటుంది, ఏ రోజు దాటితే కోలుకోదు అన్నది నేను చూడాలి. అందుకు రోజూ కొన్ని ఆకులు కోసి, నూరి, లెక్క తీయాలి. ఒక్క రోజు తప్పినా మళ్లీ విత్తనం నాటడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో చెప్తాను.

పోయిన నెల నువ్వు కనగానపల్లి టెలిఫోను బూతు నుంచి ఫోన్ చేసి, "అవ్వ నిన్నే అడగతాండాది. అన్నం ముట్టడంల్యా. ఒకసారి వచ్చి పోమ్మా" అన్నావు. నా చేత ఈ పరిశోధన చేయిస్తున్న సార్ సెలవు ఇవ్వలేదని, వారం తర్వాత వస్తానని చెప్పాను. అయిదో రోజు అవ్వ పోయింది. "సెలవీకుంటే నువ్వేం జేస్తావులేమ్మా, ఏడవద్దు" అని మళ్లీ నువ్వే నన్ను ఓదార్చావు.

నాయనా, సార్ సెలవు ఇచ్చారు. నేను అడగకముందే ఇచ్చారు. నీ ఫోన్ వచ్చినప్పుడు ఆయన పక్కనే ఉన్నారు. నా ముఖం చూసి సంగతి అడిగారు. "ఈ రోజే బయలుదేరు. ఆకులు నేను కోస్తాను, లెక్కలు నేనే రాస్తాను" అన్నారు. నేనే వెళ్లలేదు. వేరేవాళ్ల చేతిలో పెడితే పని పాడవుతుందనుకున్నాను. అదొక్కటే కాదు. బడి నుంచి వచ్చేదాకా అవ్వ తినకుండా నా కోసం గడప మీద కాచుకుని ఉండేది కదా. ఇప్పుడూ కాచుకునే ఉంటుందని అనుకున్నాను.

అవ్వ పోయిన కబురు తెలిసిన రోజు కూడా ఆకులు కోశాను. చేతులు వాటంతట అవే పని చేశాయి. పది రోజుల తర్వాత ఫలితం తేలింది. త్వరగా చిగురు తుంచిన మొక్కల్లో ఆకులు పచ్చబడ్డాయి, కొవ్వు కరగడం తగ్గింది. ఆలస్యంగా తుంచినవి ఏం చేసినా కోలుకోలేదు. లెక్కలు చూసి సార్ చాలా సంతోషించారు. నేను అక్కడే కూర్చుని ఏడ్చేశాను. ఇంట్లో ఏం చెప్పానో అప్పుడు ఆయనకు చెప్పాను.

ఆయన లెక్కల పుస్తకం మూసేశారు. తర్వాత, "మీ నాన్నకు నిజం రాశావా?" అని అడిగారు.

"లేదు సార్."

"ముందు ఆ పని చెయ్యి. ఈ లెక్కలు రేపు చూద్దాం."

కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు. మూడుసార్లు రాసి చించేశాను. ఇది నాలుగోది.

వచ్చే నెల మొదటి వారంలో వస్తున్నాను. టికెట్ తీసుకున్నాను. ధర్మవరం స్టేషన్‌కు ఎవరూ రావద్దు, బస్సులో వస్తాను. అవ్వను పూడ్చిన చోటు చూపించు. ఆమె చీర ఒకటి ఎవరికీ ఇవ్వకుండా ఉంచమని అమ్మకు చెప్పు. నువ్వు చదివాక అమ్మకు సంగతి చెప్తావో లేదో నీ ఇష్టం. నేను వచ్చి చెప్పమన్నా చెప్తాను.

పెద్దమ్మకు, చిన్నాయనకు నా దండాలు. తమ్ముడిని పరీక్షలకు బాగా చదవమను. దీవించమని ప్రతిసారీ రాసేదాన్ని. ఈసారి అడగడానికి నోరు రావడం లేదు. నీకు మనసొస్తేనే దీవించు.

ఇంకొక్క మాట. ఆ సార్ మనసు లేని మనిషని ఊళ్లో అందరూ అంటున్నారని తమ్ముడు రాశాడు. ఇకమీదట ఎవరైనా ఆ మాట అంటే ఒప్పుకోవద్దు నాయనా. సెలవు ఇచ్చారని, నా కూతురే రాలేదని చెప్పు.

నీ కూతురు,
నాగరత్న