పదకొండు రోజుల సూపు

తొకాత్,
మార్చి 9

చిరంజీవి టుంజాయ్‌కి అమ్మ ఆశీస్సులు. అల్లా దయవల్ల ఇంట్లో అందరం తిరుగుతూనే ఉన్నాం. సైన్యం తిండి నీకు పడుతోందని రాశావు, సంతోషం.

నీ భార్య నెర్గిస్ బాగా తింటోందా అని అడిగావు. ఏం తింటుందిరా, నా తలకాయ! మాంసం వద్దు, గుడ్డు వద్దు, పెరుగు వద్దు, పప్పు వద్దు. పుట్టుకతో వచ్చిన జబ్బని, మాంసకృత్తులు దాని ఒంట్లో విషమై బిడ్డ మెదడుకూ గుండెకూ ఎక్కుతాయని నువ్వు వందసార్లు చెప్పావు. కాదనను. కానీ కడుపుతో ఉన్న పిల్ల, అందులోనూ అవి కాస్త ఉంటాయని బంగాళాదుంపను కంసాలిలా తూచి, కాస్త ఎక్కువైతే కోసి పక్కన పెడుతుంటే ఎలా చూడను? మాంసానికి బదులని ఆస్పత్రి ఇచ్చిన పొడి ఒకటి కలుపుకుని ముక్కు మూసుకుని తాగుతుంది. ఆ కంపుకు నాకు వాంతి వస్తుంది.

ఇరుగుపొరుగు ఊరుకుంటారా? వంట వాసన తగిలిన గర్భిణికి వాటా పెట్టకపోతే పాపం కదా. పక్కింటి హాజెర్ మాంసం కుడుములు వండినప్పుడల్లా పళ్ళెం పట్టుకొస్తుంది. తినేది నేను. పళ్ళెం ఖాళీగా తిప్పి పంపకూడదు కనుక బదులు వండేదీ నేనే. నేను రెండు కిలోలు పెరిగాను, నీ పెళ్ళాం అలాగే ఉంది. కోడలికి తిండి పెట్టడం లేదా అని హాజెర్ నవ్వుతూనే అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇక అసలు సంగతి. ఫోనులో చెప్పేదాన్నే, నాకు నోరు రాలేదు. హాజెర్ చేత ఆ మాట పడ్డ రోజు నుంచి నెర్గిస్ టమాటా సూపులో చెంచాడు తర్హానా కలిపాను. ఎండబెట్టిన పెరుగూ గోధుమపిండీ, నిన్ను పెంచింది అదేగా, ఏమవుతుందిలే అనుకున్నాను. పదకొండు రోజులు కలిపాను. వారంవారం ఆస్పత్రికి పంపే రక్తపు చుక్కలో ఆ విషం అంకె పైకి ఎగబాకింది. ఆ పిల్ల నన్ను అనుమానించలేదురా. తన లెక్కే తప్పిందనుకుని బంగాళాదుంప కూడా మానేసింది. పస్తుంటే ఒంట్లో కండే కరిగి అంకె ఇంకా పెరుగుతుందని డాక్టరమ్మ కేకలేసింది. నిన్న వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చింది.

"అత్తయ్యా, నేను తల్లిని కావడానికి పనికిరానేమో."

అప్పుడు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కళ్ళు తుడుచుకుని పెన్సిలు తెచ్చింది.

"ఏ చెంచా? నిండా వేశారా, తలకొట్టి వేశారా?"

అంతా రాసుకుని, డాక్టరమ్మకు ఫోను కలిపి నా చేతికిచ్చింది. నా నోటితోనే చెప్పించింది. అంకె వెంటనే దించాలని, బిడ్డ గుండె స్కానులో చూసేదాకా ఏమీ చెప్పలేనని డాక్టరమ్మ అంది. స్కాను ఇరవై రెండున. నన్ను వంటింట్లోకి రావద్దంది నీ భార్య. నా వంటింట్లోకి, నన్ను! గుమ్మం ఇవతలే కూర్చుంటున్నాను.

దానికి ఫోను చెయ్యి. నన్ను మాత్రం వెనకేసుకు రాకు. అమ్మ మంచికే చేసిందని అసలు అనకు. ఆ మాట నేను అన్నాను. అప్పుడొక్కసారే అది నా మీద అరిచింది.

నీ రెండు కళ్ళకూ ముద్దులు.

ఇట్లు,
తల దించుకున్న నీ అమ్మ