గట్టు మీద గిటారు

రొయ్యల గుంటల షెడ్డు,
వాకాడు మండలం,
9 అక్టోబరు 2024.

ఆండ్రూ అన్నకు,

తమ్ముడు క్రీస్తురాజు ప్రభువు పేరిట వందనాలతో రాయునది. నేను బాగున్నాను. తడలో నువ్వు, వదిన, పాప కుశలమని తలుస్తాను. ఫోను చేస్తే గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల మోతకు సగం మాటలు పోతున్నాయి. అందుకని ఈ ఉత్తరం మేత బండి డ్రైవరు చేతికిస్తున్నాను.

అన్నా, గిటారు తీగతో కూత పెట్టించే ఆ పించ్ హార్మోనిక్ నాకు వచ్చింది. పిక్ కొస మాత్రమే బయటికి పెట్టి, తీగ మీటిన వెంటనే బొటనవేలి అంచు తగిలించమని చెప్పి పోయావు. చాన్నాళ్ళు తీగ టక్కుమని చచ్చిపోయేది. సున్నం కలిపీ మేత చల్లీ వేలు పగిలి ఉంది, తగిలితే మంట. లోపం వేలిది కాదు, చోటుది. చెయ్యి కాస్త పైకి జరిపి మీటితే కీచుమని లేచింది. ఎడమచేత్తో తీగను ఊపితే ఆ కూత నా చిన్న స్పీకర్లోంచి అవతలి గట్టుదాకా సాగింది.

అప్పుడే మా ఓనరు నరేంద్రబాబు బండి దిగాడు. ఏరేటరు బేరింగు పోయిందనుకుని, స్విచ్చి కట్టేయమని అరుస్తూ పరిగెత్తాడు. గిటారు చూసి తిట్టబోయి ఆగాడు. రొయ్యల కోసం గుంటలో మునుగుతున్న నీటికాకులన్నీ లేచిపోతున్నాయి. మళ్ళీ వాయించమన్నాడు.

మర్నాడే పెద్ద స్పీకరు తెచ్చి గట్టు మీద పెట్టించాడు. కాకుల్ని బెదరగొట్టడానికి టపాకాయల కన్నా ఇదే నయమని పక్క గుంటల వాళ్ళను పిలిచి చూపించాడు. ఇప్పుడు పొద్దస్తమానం నా పని అదే. పాట లేదు. ఒక కూత, కాసేపు ఆగడం, మళ్ళీ కూత.

ఇది పట్టుబడిన రోజున బయల్దేరి రమ్మన్నావు, మీ పాటల బృందంలో లీడు గిటారు నాకే అన్నావు. ఓనరుకు చెప్పాను. ఆయన నవ్వి, “నువ్వు పోతే ఈ కాకుల్ని ఎవురు తోలేది రా? రొయ్యలు పట్టిందాకా కదలబాక,” అన్నాడు. ఇవి పట్టాక ఇంకో పంట వేస్తాడు. ఆ కూత రాకపోయుంటే వదిలేవాడేమో. నా చోట్లో వేరేవాళ్ళను పెట్టుకో. కోపం వద్దు.

ఇట్లు,
నీ తమ్ముడు
క్రీస్తురాజు

తా.క. అన్నా, కవరు అంటించబోయి ఆగాను. నీటికాకులు కూతకు అలవాటు పడి చాలా రోజులైంది. స్పీకరు పక్కనే నిలబడి రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఓనరు బండి గట్టెక్కడం కనపడగానే నేనే రాళ్ళు విసిరి వాటిని లేపి, అప్పుడు తీగ మీటుతున్నాను. ఉన్నది చెబితే ఇవాళే పొమ్మంటాడు. నోరు రావడం లేదు. కాకుల ముందు వాయించడానికి నాకు భయం లేదు. నీ దగ్గర కూర్చుని వినేది మనుషులు కదన్నా.