బల్లకు బొంత

అక్కా,

నీ సంవత్సరీకం అయినాక ఇదే మళ్లా సూది పట్టడం. చర్చి మిషను బంగళా దొరసాని వచ్చి, కిస్మస్ పండక్కి అన్నం తినే బల్ల మీదికి బొంత కుట్టియ్యమంది. మూరెడు వెడల్పు, బల్లంత పొడుగు.

"బల్లకేమన్నా చలేస్తాదా అమ్మగారూ?" అన్నాను. చలికి కాదంట, అందానికంట. నువ్వుంటే పడీపడీ నవ్వేదానివి. నాకు నవ్వు రాలేదు.

నీ చీరలన్నీ దినంనాడే చాకలామెకు ఇచ్చేసినారు. నా పెట్టెలో నీ చిలకపచ్చది ఒక్కటి ఉండిపోయింది. దాన్ని చించి లోపలి పొరగా పెట్టినాను. పైకి కనపడదు.

ఒక కొసన కూర్చొని మొదలుపెట్టినాను. ఈ ఇంటికి తోడికోడళ్లమై వచ్చినప్పట్నుంచి మనం ఏ బొంతైనా అట్లనే గదా కుట్టింది, ఆ కొస నువ్వు, ఈ కొస నేను, నడుమ కలిసేదాకా. సగానికి రాంగానే ముడేసి, దారం తెంచి, సూది పైటకు గుచ్చుకొని లేచినాను. నా పని అయిపోయిందనే అనుకున్నాను. పొయ్యి కాడికి పోయి సంగటి కెలికినాను, పిల్లోళ్లకు పెట్టినాను.

తిరిగొచ్చి చూస్తే నీ సగం అట్లనే ఉంది.