పంచాయతీ రాయి మీద ఒక పేరు

గుంతకల్లు,
ఆదివారం

మామా,

పంచాయతీ కొత్త భవనంలో పెట్టే రాతిపలక కోసం నువ్వు పంపిన సర్పంచుల జాబితా అందింది. తప్పులుంటే దిద్ది, రాయి చెక్కే నల్లప్పకు ఇమ్మన్నావు. తప్పు ఒక్కటే దొరికింది, కానీ పెద్దది.

ఈ నెలంతా నేను వికీపీడియా కోసం ఇంగ్లండులో ఒక రేవు పట్టణపు ఎంపీల జాబితాను తెలుగు చేస్తున్నాను. ఆరు వందల ఏళ్ల పేర్లు! ఊరు సగం సముద్రంలో కలిసిపోయినా ఎంపీలు మాత్రం తగ్గలేదు. తాత నుంచి మనవడి దాకా ఒకే ఇంటివాళ్లు గెలిచారు, అచ్చం మీ ఇంట్లోలాగే. ఆ ఊరి మొహమే చూడని పెద్దమనిషి పేరూ, గెలిచిన పదకొండు రోజులకే చనిపోయినవాడి పేరూ అందులో ఉన్నాయి. గెలిచినవాళ్లను ఒక్కరినీ వదల్లేదు.

మరి 2013 నుంచి 2018 దాకా నీ పేరెలా వచ్చింది? ఆ సీటు ఆడవాళ్లకు రిజర్వు. గెలిచింది బయమ్మత్త. సంతకాలు ఆమెవి, పెత్తనం నీది, ఒప్పుకుంటాను. కానీ నువ్వు బెంగళూరు ఆసుపత్రిలో ఉన్న ఎండాకాలం, ట్యాంకరు డ్రైవరు మీ ఇంటికే ముందు నీళ్లు తెస్తే, "ఏమప్పా, ఈడెందుకు నిలిపినావు? ముందు కాలనీకి పో, మా సంగతి ఆఖర్న చూద్దాం" అని పంపేసింది సర్పంచు కాక ఎవరు?

అందుకే దిద్దాను. నిన్ననే చెక్కడం అయిపోయింది, ఇక చెరపడం కుదరదు. అత్తకు ముందే చెప్పకు. ప్రారంభం రోజు ముసుగు గుడ్డ ఆమె చేతనే తీయించు. ఆ పేరు ఆమెకు చదవడం వచ్చు, ఐదేళ్లు సంతకం పెట్టింది కదా.

నీ మేనకోడలు