తెల్ల చొక్కా వేసుకునే రావాలి

వజ్రాల రంగు తేల్చడమే వృత్తిగా బతికిన నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న చివరి వీలునామా ఇది. మతి నిలకడగానే ఉంది. కళ్ల సంగతి అయిదో అంశంలో చెబుతాను.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నది నా కొడుక్కీ కూతురికీ చెరిసగం. ఇందులో పేచీ లేదు.

2. పేచీ అంతా నా అయిదు నమూనా రాళ్ల మీద. మొదటిది నీళ్లలా తేటగా ఉంటుంది. అక్కణ్నుంచి ఒక్కో రాయిలో పసుపు ఛాయ పిసరంత పెరుగుతుంది, ఆ మేరకు ధర పడిపోతుంది. కొత్త రాయిని వీటి పక్కన బోర్లిస్తేనే దాని రంగు తేలుతుంది. మొదటిది తనకిస్తే అమ్ముకుంటానని, మిగతావి చెల్లెలికి ఇమ్మని అబ్బాయి పట్టు. మొదటిది పోతే ఆ నాలుగూ కొలతకు పనికిరావు. నా పని నేర్చుకున్న అమ్మాయి బతుకుతెరువు వాటి మీదే. నాన్నకి టీ అందించినంత మాత్రాన పని వచ్చేసినట్టా అని వాడు నలుగురిలో అన్నాడు. ఆ మాటకి నా మనసు నొచ్చుకుంది.

3. అందుకని ఒక షరతు. పొద్దున పూట, ఉత్తరపు కిటికీ దగ్గర, తెల్ల కాగితం మీద అయిదూ కలిపేసి బోర్లిస్తారు. అబ్బాయి వాటిని రంగు వరసలో పేర్చగలిగితే మొదటిది వాడిదే. లేదంటే అయిదూ అమ్మాయివి. తెల్ల చొక్కా వేసుకునే రావాలి. మా బావమరిది ఒకసారి పసుపు చొక్కా తొడుక్కొచ్చి, దాని ఛాయ రాయిలో పడితే, నా మేలు రాయిని కొనేవాళ్ల ముందే పసుపని తేల్చేశాడు. బేరం కాస్తా చెడింది. అతగాడికి నా భూతద్దం ఇస్తున్నాను, ఇకనైనా చూసి మాట్లాడతాడని.

4. నా భార్య ఉంగరం కోడలికి. రాయిలో పసుపుంది, బంగారంలో పొదిగాక అది కంటికి ఆనదు. అమ్మితే పెద్దగా రాదు. మా ఆవిడ గిన్నెలు తోమేటప్పుడు కూడా దాన్ని తీసేది కాదు.

5. రెండేళ్లుగా నా కళ్లకి శుక్లాలు. తెల్ల రాయి కూడా పసుపుగానే కనబడుతోంది. ఈ రెండేళ్లూ నేను చెప్పిన ప్రతి రంగూ అమ్మాయి చూసి, టీ అందిస్తూ నా చెవిన వేసిందే. ఒక్క రాయి మీదా తగువు రాలేదు.

6. షరతు తేల్చే రోజున అబ్బాయికి ఎవరైనా టీ ఇవ్వొచ్చు, అమ్మాయి మాత్రం ఇవ్వకూడదు. అన్నయ్య తడబడుతుంటే చూడలేక చెప్పేస్తుంది.

తేదీ: మార్చి పదకొండు, ఉదయం.
సంతకం: గీత కిందకి జారింది, అయినా నాదే.
సాక్షులు: కింది వాటా టైలరు, వీధి చివర కళ్లజోళ్ల షాపాయన. ఇద్దరికీ ఇందులో చిల్లిగవ్వ రాదు.