నలభై కుర్చీల అర్జీ

చెమ్నిట్స్, మార్చి 1991

గౌరవనీయులైన హెబెర్లె గారికి, పంపులు తయారుచేసే షెడ్డు మేస్త్రీ ట్రౌగాట్ క్రుంబీగెల్ నమస్కరించి వ్రాయునది.

తూర్పు పడమరలుగా చీలిన మన దేశం మళ్ళీ ఒకటై మా షెడ్డు మీ కంపెనీ చేతికి వచ్చినది. తూర్పువారి శ్రద్ధను పడమటివారి శ్రద్ధతో పోల్చి, తక్కువనిపిస్తే షెడ్డు మూసివేస్తారని వినికిడి. మా శ్రద్ధ మీరే చూడగలరు. ప్రస్తుతం, కింద చక్రాలుండే ఆఫీసు కుర్చీలు నలభై పంపగలరు.

విధేయుడు,
క్రుంబీగెల్

తా.క. నేను రాత్రిబడిలో ఉత్తీర్ణుడను. మీరు అడగకపోయినా ధ్రువపత్రం నకలు జతపరచితిని.

స్టుట్‌గార్ట్

క్రుంబీగెల్ గారికి,

నలభై కుర్చీలూ లారీలో వస్తున్నాయి. మీ షెడ్డులో ఉన్నది పన్నెండుమంది గదా! మావాళ్ళు నిలబడి పనిచేస్తారు. మీవాళ్ళు ఒక్కొక్కరు మూడేసి కుర్చీల్లో కూర్చుంటారా? త్వరలో తనిఖీకి వస్తున్నాను.

హెబెర్లె

తా.క. ధ్రువపత్రంలో మీకు లెక్కల మార్కులు తక్కువ. ఇప్పుడర్థమైంది.

చెమ్నిట్స్

అయ్యా,

లెక్కల పరీక్షనాడు నాకు జ్వరం. పాత ప్రభుత్వంలో నలభై అడిగితే నాలుగు వచ్చేవి, అందులో ఒకటి కుంటిది. అందుకే నాలుగు కావలసినవాడు నలభై అడుగుతాడు. అడిగినన్నీ పంపే మనిషిని నేను పుట్టి ఇంతవరకు చూడలేదు. లారీ చూసి మా క్యాంటీను గెర్లిందె, "ఏమయ్యా మేస్త్రీ, పంపులు మానేసి సినిమా హాలు పెడుతున్నావా?" అన్నది. తిప్పి పంపితే పరువు తక్కువ; పారవేయడం మాకు చేతకాదు. కనుక ఆ చక్రాలతో పంపులు మోసే తోపుడుబండ్లు చేస్తున్నాము.

క్రుంబీగెల్

తా.క. కుర్చీలన్నీ విప్పేశారు. ఇది నిలబడి వ్రాస్తున్నాను.

స్టుట్‌గార్ట్

క్రుంబీగెల్ గారికి,

తనిఖీలో మీ బండ్లు చూసి ముచ్చటపడ్డాను. మాకు నలభై పంపండి. మా పెద్దలు వాటిని చూశాకే మీ షెడ్డు సంగతి తేలుస్తారు.

హెబెర్లె

తా.క. మీ దగ్గర నేనూ కొంత నేర్చుకున్నాను.

చెమ్నిట్స్

అయ్యా,

పడమటివారు కావలసినన్నే అడుగుతారని నాకు బుద్ధి వచ్చినది. ఆదివారాలు కూడా పనిచేసి నలభై బండ్లూ లారీకెక్కించాము. చివరి బండికి చక్రాలు చాలక గెర్లిందె సూపు బండివి పీకాము. నాకు సూపు బంద్.

క్రుంబీగెల్

తా.క. కూర్చోవడానికి నాలుగు కుర్చీలు పంపగలరు. నిజంగా నాలుగే.

స్టుట్‌గార్ట్

అయ్యో క్రుంబీగెల్ గారూ,

నాకు కావలసినవి నాలుగే! మీ పద్ధతిలో నలభై అడిగాను! బండ్లు అడ్డమై నా గదిలోకి కిటికీలోంచి దూరుతున్నాను. మా పెద్దాయన మాత్రం వరండా పొడవునా బారులు తీరిన బండ్లను చూసి, "ఇంత పని చేసేవాళ్ళ షెడ్డు మూస్తే మనకేమైనా మతి ఉన్నట్టా?" అన్నారు. మూయడం లేదు.

మీ హెబెర్లె

తా.క. "నిజంగా" అని వ్రాయడంతో నాకు అనుమానం వచ్చింది. మీ లెక్కలో నాలుగంటే అర కుర్చీ కూడా కాదు. అందుచేత ఒక సీటు పంపుతున్నాను. కాళ్ళు కావలసివస్తే మళ్ళీ అర్జీ పెట్టుకోగలరు.